డబ్బు మ్యూజియానికి వెళ్తే నాణేల అంచులు చూడండి

డబ్బు, బ్యాంకుల చరిత్ర మ్యూజియానికి వెళ్లినవాళ్లు చాలామంది మొదటి గదిలో ప్రతి నాణెం కింది చీటీనీ వదలకుండా చదువుతారు, మూడో గదికొచ్చేసరికి కాళ్లు లాగేసి బయటికి దారి వెతుక్కుంటారు. అన్నీ చూడక్కర్లేదు. ఏ అద్దాల పెట్టె ముందు నిలబడినా ఒక్కటే అడగండి: దీన్ని ఎదుటివాడు ఏం నమ్మి తీసుకున్నాడు?

వెళ్లే ముందు పనివేళలు చూసుకోండి. కొన్ని మ్యూజియాలు బ్యాంకు భవనాల్లోనే ఉంటాయి కాబట్టి శని, ఆదివారాలు మూసి ఉండొచ్చు, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడగొచ్చు.

నాణేల దగ్గర రాజు బొమ్మ కంటే అంచు ముఖ్యం. చేత్తో కొట్టిన పాత వెండి నాణేల్లో కొన్ని గుండ్రంగా ఉండవు, ఎందుకంటే జనం అంచున కాస్త కాస్త వెండి కత్తిరించి దాచుకుని, మిగిలినదాన్ని పూర్తి విలువకే చలామణీ చేసేవాళ్లు. యంత్రాలొచ్చాక అంచుకి సన్నటి గీతలో అక్షరాలో పెట్టారు, ఎవరైనా కత్తిరిస్తే ఇట్టే తెలిసిపోతుంది. 1696లో ఇంగ్లండ్ టంకశాలలో చేరిన న్యూటన్ (అవును, ఆ న్యూటనే) దొంగ నాణేలవాళ్ల వెంట పడి మరీ పట్టించాడు. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి ఉంటే అక్కడ ఎంతసేపు ఆగినా తప్పులేదు.

గాట్లు పెట్టిన కర్రముక్క కనిపిస్తే దాటేయకండి, అది అప్పు పత్రం. కర్రని నిలువునా చీల్చి, అప్పు ఇచ్చినవాడొకటి, తీసుకున్నవాడొకటి ఉంచుకునేవాళ్లు, లెక్క తేల్చేటప్పుడు రెండూ కలిపితే గాట్లు సరిపోవాలి. చదువు రానివాడినీ మోసం చేయడం కష్టమే.

స్వీడన్‌లో డబ్బుగా వాడిన రాగి పలకలుంటే వాటి సైజు చూడండి. 1644 నాటి 10 దాలర్ల (దాలర్ అంటే అప్పటి స్వీడన్ డబ్బు) పలక బరువు దాదాపు 20 కిలోలు! యూరప్‌లో మొదటి బ్యాంకు నోట్లు 1661లో అక్కడే వచ్చాయంటే రావా మరి? అయితే ఆ బ్యాంకు హద్దు లేకుండా నోట్లు ఇచ్చి కొన్నేళ్లకే మూతపడింది. చైనాలో కాగితం డబ్బు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే ఉంది.

నోట్ల గది మసకగా ఉంటుంది, వెలుతురుకి కాగితం, సిరా పాడవుతాయని. ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని అద్దానికి తాకించకుండా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే సన్న గీతలు కూడా బాగా కనిపిస్తాయి. 1946 నాటి హంగరీ నోటు ఉంటే వెతకండి, విలువ 1 పక్కన 20 సున్నాలు.

లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియంలోలాగా నిజం బంగారు కడ్డీ ఎత్తి చూసే ఏర్పాటుంటే, క్యూ ఉన్నా నిలబడండి, దాదాపు 13 కిలోలు ఒంటి చేత్తో ఎత్తాలి. పిల్లలుంటే ముందు అక్కడికే తీసుకెళ్లండి, లేదంటే మిగతా గదులన్నిట్లో "బంగారం ఎప్పుడు?" అనే గొడవే.