గుస్తావియన్ కుర్చీ కొంటున్నారా, ముందు తిరగేసి చూడండి

స్వీడన్‌లో పాత సామాన్ల షాపుకి వెళ్తే ఆ బూడిద రంగు, వెలిసిపోయిన తెలుపు కుర్చీలు చూసి పడిపోనివాళ్లు తక్కువ, నేనూ పడ్డాను. ఈ స్టైల్‌కి పేరిచ్చిన మూడో గుస్తావ్ 1771లో పారిస్‌లో ఉండగానే తండ్రి చనిపోయి స్వీడన్ రాజయ్యాడు, అక్కడి ఫ్యాషన్ స్వీడన్‌కి పాకింది, కాకపోతే ఇక్కడ చేతికి దొరికే కర్ర బిర్చ్, పైన్ లాంటివి కాబట్టి చాలావరకు పైన రంగేసేశారు. 1792లో ఆయన్ని చంపేశాక కూడా ఆ స్టైల్ 1810 దాకా నడిచింది. మధ్యలో ఎప్పుడో 1990ల్లో ఐకియా కూడా ఆ కాలం డిజైన్లు అమ్మింది, కాబట్టి షేప్ చూసి మాత్రం డబ్బులివ్వకండి.

ముందు కుర్చీని తలకిందులు చేసి సీటు కింద చెక్కల లోపలివైపు వేలితో తడిమి చూడండి. చేత్తో చిత్రిక పట్టిన చెక్కయితే చిన్నచిన్న అలల్లా తగులుతుంది, వంపు గీతలు వరసగా కనిపిస్తే అది గుండ్రటి రంపం కోత, అంటే తర్వాతి కాలం మిషన్ పని. జాయింట్ల దగ్గర చెక్క మేకులుండాలి. ప్లస్ గాడి స్క్రూ కనిపిస్తే అది ఎవరో తర్వాత బిగించిందే. గుండ్రటి కాలు అయితే ఒకే ఎత్తులో దాని మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పరికరం) ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఇంకోసారి పక్క నుంచి పక్కకి కొలవండి, పాత కర్ర ఒకవైపు ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి కొలతలు కొంచెం తేడా వస్తాయి. నాకు బాగా నచ్చే టెస్ట్ ఇదే. కాలు పైన చదరపు దిమ్మెలో చెక్కిన పువ్వులు కూడా చూడండి, అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటే డౌటే.

ఎఫ్రాయిమ్ స్టోల్ లాంటి స్టాక్‌హోమ్ వడ్రంగుల ముద్ర ఉంటే రేటు పెరుగుతుంది, కానీ ముద్ర లేనంత మాత్రాన నకిలీ అని కాదు, పల్లెల్లో చేసినవాటికి చాలావాటికి ఉండదు.

ఇక రంగు. నేను మొదటిసారి కొన్నదాంట్లో రంగు భలే అరిగిపోయి ఉంది, చేతులానే చోటా, వెనక కాలి లోపలివైపు కూడా, అక్కడ ఎవరి చెయ్యి తగులుతుందండీ, ఆ ఆలోచన ఇంటికొచ్చాక వచ్చింది. గోరుతో గీకితే ప్లాస్టిక్ పొరలా ఊడొచ్చింది, కొత్త రంగుని శాండ్‌పేపర్‌తో అరగదీశారన్నమాట. నిజంగా వాడినదైతే చేతుల చివర్లు, సీటు ముందు అంచు, కాళ్ల కింద అరుగుతుంది.

పైన రెండు మూడు పూతలున్నా కెమికల్ రిమూవర్ పెట్టకండి, దానికి పాతదీ కొత్తదీ తేడా తెలీదు, అసలు రంగు కూడా పోయి కుర్చీ విలువ సగం అక్కడే పోతుంది. స్వీడన్‌లో ఈ పని చేసేవాళ్లు పై పూతల్ని పొడిగా బ్లేడుతోనే గీకుతారు, గోరంత జాగా మెల్లగా. పాత తెలుపులో సీసం ఉంటుంది కాబట్టి శాండింగ్ అస్సలు వద్దు, మంచి మాస్క్ పెట్టుకుని, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి, పిల్లలు లేని గదిలో చెయ్యండి, రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచేయండి.