అక్వినాస్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: ఒక గుమస్తా పద్ధతి

నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ గుమస్తాను. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రాసిన పెద్ద గ్రంథం సుమ్మా థియోలాజియేను మొదటి పేజీ నుంచి పట్టి, పదిహేను రోజుల్లో అటకెక్కించాను. మీరు ఆ పని చేయకండి.

ముందు రెండో భాగం మొదటి సగంలో 90వ ప్రశ్న తీయండి. 97 దాకా ధర్మం, చట్టం గురించే. 90, 91, 94 చాలు. ప్రతి ప్రశ్నా ఆర్టికల్స్ అనే చిన్న భాగాలుగా ఉంటుంది. ప్రతి ఆర్టికల్ ఎదుటి పక్షం ఆక్షేపణలతో మొదలవుతుంది. అవి ఆయన మాటలు కావు. నేను వాటినే ఆయన అభిప్రాయాలనుకుని సగం నోట్సు నింపాను! "దీనికి నా జవాబు" అనే చోటు వెతికి, ముందు అక్కడ చదవండి.

94లో రెండో ఆర్టికల్: మంచిని చేయాలి, చెడును మానాలి. ఇంతేనా అనిపిస్తుంది. నాలుగోదానికి వెళ్లండి. దాచమని ఇచ్చిన సొత్తు తిరిగి ఇచ్చేయాలి. మా బతుకంతా ఆ మాట మీదే. సరుకు దాచినవాడు బాండు (మేమిచ్చిన రసీదు) చూపిస్తే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వదలాల్సిందే. కానీ అడిగినవాడు దాన్ని దేశం మీద యుద్ధానికి వాడబోతుంటే? అప్పుడు ఇవ్వకూడదంటాడు. వివరాల్లోకి దిగేకొద్దీ సూత్రం తప్పే చోట్లు పెరుగుతాయట.

ఇప్పుడు మొదటి భాగం 22వ ప్రశ్న, దేవుని ఏర్పాటు. దీన్ని తలరాత అనుకుంటే దారి తప్పినట్టే. లాటిన్ మాట ప్రొవిడెన్షియాకు అసలర్థం ముందుచూపు. ఆయన ఇచ్చిన ఉదాహరణ: యజమాని ఇద్దరు సేవకుల్ని ఒకరికి తెలియకుండా ఒకరిని ఒకే చోటికి పంపితే, వాళ్లు కలవడం వాళ్లకు మాత్రమే అనుకోనిది. మా ఓనరు నన్నూ ఇంకో గుమస్తానూ అలాగే యార్డుకు పంపారు. "నువ్వేంటి ఇక్కడ?" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

మూడో ఆర్టికల్ నిదానంగా చదవండి. ఏర్పాటు దేవుడిదే, అమలు మాత్రం సృష్టిలోని వాటి చేత. ఆయనకు చేతకాక కాదు, వాటికీ ఆ గౌరవం ఇవ్వాలని. వెంటనే 91లో రెండో ఆర్టికల్‌కు తిరిగి రండి. మనిషి తనకూ ఇతరులకూ ముందుచూపు చూస్తాడు కాబట్టి ఆ ఏర్పాటులో అతనికీ పాలుంది. ఆ పాలుపంచుకోవడమే సహజ ధర్మం. చట్టం, దేవుని ఏర్పాటు అనే రెండు ముడులూ నాకు ఇక్కడే ఒకటయ్యాయి.

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు రైల్లో వెళ్తూ అత్తమ్మను ఆటపట్టించాను, "అంతా ముందే ఏర్పాటైతే మొక్కెందుకు?" అని. దానికి రెండో భాగం రెండో సగంలో 83వ ప్రశ్న, రెండో ఆర్టికల్ ఉంది: ప్రార్థన ఏర్పాటును మార్చడానికి కాదు, ప్రార్థనతోనే దక్కాలని ఏర్పాటైనదాన్ని పొందడానికి. చదివి వినిపిస్తే, "ఇది చదివితే గానీ తెలియదా అల్లుడూ?" అని జామకాయ ముక్క చేతిలో పెట్టింది.