ఆలివ్ నూనె సీసా వెనుక చీటీ

ఆలివ్ నూనె కొనేటప్పుడు సీసా ముందున్న బొమ్మలను చూసి మురిసిపోకుండా, వెనుక చీటీని ఓపికగా చదవడం మంచిది. ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అంటే రసాయనాలు కలపకుండా, ఎక్కువ వేడి తగలనీయకుండా కాయలను నలిపి తీసిన నూనె. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అందులో స్వేచ్ఛా ఆమ్లత, అంటే నూనెలో విడివడి ఉన్న కొవ్వు ఆమ్లాల పాలు, 0.8 శాతం మించకూడదు. ‘పోమేస్’ అని ఉంటే అది పిప్పి నుంచి ద్రావకంతో రాబట్టి శుద్ధి చేసిన నూనె. వేపుళ్లకు పనికొస్తుంది గాని, ఎక్స్‌ట్రా వర్జిన్ ధర పెట్టి కొనదగినది కాదు. ‘లైట్’ అన్న మాట రుచికి, రంగుకు సంబంధించినదే తప్ప, అందులో కొవ్వేమీ తగ్గదు.

గడువు తేదీతో పాటు కాయలు కోసిన కాలం కూడా ముద్రించిన సీసా దొరికితే దానినే ఎంచుకోవాలి. వెలుతురు నూనెను త్వరగా పాడుచేస్తుంది కాబట్టి ముదురు రంగు గాజు సీసా గాని, రేకు డబ్బా గాని మేలు.

అసలు పరీక్ష నాలుకదే. చెంచాడు నూనెను చిన్న గ్లాసులో పోసి, అరచేతుల మధ్య కాస్త వెచ్చబరచి, వాసన చూసి గుటక వేస్తే, మంచి నూనెలో పచ్చి ఆకు వాసన, చిరుచేదు, ఆపై గొంతులో మిరియపు ఘాటు తెలుస్తాయి. ఒక్కోసారి దగ్గు కూడా వస్తుంది, అది లోపం కాదు. ముక్కిపోయిన పల్లీల వాసన వస్తే మాత్రం ఆ నూనె పాడైనట్టే. ఫ్రిజ్‌లో గడ్డకడితేనే అసలైనదన్న ప్రచారాన్ని నమ్మనక్కరలేదు. ఇంత ఖరీదైన నూనెను గారెల మూకుడులో పోయడం నా దృష్టిలో దండగ; మూత తీసిన సీసాను పొయ్యికి దూరంగా ఉంచి, రెండు మూడు నెలల్లో వాడేయాలి.