నోరా ఫ్రీజ్ కథ ఏ వరసలో చూడాలి, ఏది తర్వాతకి వదిలేయొచ్చు

నోరా మొగుడు, బ్యాట్‌మన్ కథల్లో విలన్ మిస్టర్ ఫ్రీజ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1997 ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ సినిమాలో వెండి సూట్ వేసుకుని మాటకో మంచు జోకు వేసే ఆర్నాల్డ్ ష్వార్జెనెగరే. మీరు చూసింది అదొక్కటే అయితే కాసేపు దాన్ని మర్చిపోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

మొదలుపెట్టాల్సింది 1992లో బ్యాట్‌మన్ యానిమేటెడ్ సిరీస్‌లో వచ్చిన ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్‌తో. అరగంట కూడా పట్టదు. ఈ విలన్ కామిక్స్‌లోకి 1959లోనే మిస్టర్ జీరో అనే పేరుతో వచ్చాడు, కానీ అప్పట్లో పెళ్లామూ లేదు, బాధా లేదు, చేతిలో ఐస్ గన్ ఉన్న మామూలు దొంగ. పాల్ డీని ఈ ఎపిసోడ్ రాస్తూ అతనికి నోరా అనే భార్యని, ఆమెకి మందులేని జబ్బుని ఇచ్చాడు. మందు దొరికేదాకా భార్యని గడ్డకట్టించి కాపాడుకుంటున్న సైంటిస్టు విక్టర్, ఖర్చు దండగని ఆ యంత్రం ఆపించేసిన కంపెనీ బాస్, ఆ గొడవలో మంచు మనిషైపోయిన మొగుడు, ఇంతే కథ. ఈ ఎపిసోడ్ డేటైమ్ ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డు తెచ్చుకుంది. యముడి వెంటపడి మొగుణ్ని వెనక్కి తెచ్చుకున్న సావిత్రి మనకి తెలుసు కదా, ఇక్కడ వెంటపడేది మొగుడు, వరాలిచ్చే యముడు మాత్రం లేడు. చివర్లో జైలు గదిలో బ్యాలే బొమ్మ ఉన్న మ్యూజిక్ బాక్స్ పట్టుకుని కూర్చుంటాడే, అక్కడ ఫోన్ పక్కన పెట్టి చూడండి.

చూసేటప్పుడు ఒక చిన్న పని చేయండి: నోరా ఎన్ని మాటలు మాట్లాడిందో లెక్కపెట్టండి. పేరులో నోరుంది గానీ పాపం మనిషికి లేదు, ఏళ్ల తరబడి అద్దాల గొట్టంలో పడుకునే ఉంటుంది. అందరూ ఆమె కోసం ఏదో ఒకటి చేస్తుంటారు, ఆమెకేం కావాలో ఒక్కడూ అడగడు. నాకైతే అసలు విషాదం జబ్బు కంటే ఇదే అనిపిస్తుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే తర్వాతవన్నీ వేరేలా కనిపిస్తాయి.

ఆ తర్వాత అదే సిరీస్‌లోని ‘డీప్ ఫ్రీజ్’ చూడండి, చనిపోయిందనుకున్న నోరా బతికే ఉందని బయటపడేది అందులోనే. దాని వెనకే 1998 నాటి ‘సబ్‌జీరో’ యానిమేషన్ సినిమా. ఈ మూడూ వరసగా చూస్తే ఒక వారాంతం సరిపోతుంది.

కామిక్స్‌లో 2012 బ్యాట్‌మన్ యాన్యువల్‌ని మాత్రం ముందు ముట్టుకోకండి. అందులో నోరా అసలు అతని భార్యే కాదు, 1943లో పుట్టి ఎప్పుడో గడ్డకట్టించిన వేరే ఎవరో, విక్టర్ ఆమె మీద పిచ్చి పెంచుకుని భార్య అని నమ్మేస్తాడు. ట్విస్ట్‌గా తెలివైనదే, కానీ ముందు ప్రేమకథకి అలవాటు పడితేనే ఆ దెబ్బ తగులుతుంది. 2019 డిటెక్టివ్ కామిక్స్‌లో ఆమె లేచి, తనూ సూట్ వేసుకుని మిసెస్ ఫ్రీజ్ అవుతుంది, మొగుడికే చుక్కలు చూపిస్తుంది. ఇన్నేళ్లు పడుకోబెట్టినందుకు ఆ మాత్రం ఉండాలి లెండి.

గేమ్స్ ఆడేవాళ్లు 2015 ఆర్కమ్ నైట్‌లో ఫ్రీజ్ మిషన్ వదలొద్దు. అక్కడ నోరా మేలుకుంటుంది, ఇక మళ్లీ ఆ గొట్టంలోకి వెళ్లనంటుంది, మిగిలిన కొద్ది రోజులూ మొగుడితోనే గడుపుతానంటుంది. 1992 నుంచి లెక్కపెడుతూ వచ్చినవాళ్లకి ఆ కొన్ని మాటలు చాలు.

ఇక 1997 సినిమా పెట్టుకోండి. జోకులన్నీ ఫార్వర్డ్ చేసినా పర్లేదు గానీ, మధ్యలో ఫ్రీజ్ కూర్చుని పెళ్లి వీడియో చూసుకునే సీన్ ఒకటుంది, అక్కడ మాత్రం ఆగండి.