షెవెల్ వెనక స్వే బార్: బోల్టులు నాలుగే, పనంతా ఆర్మ్‌లతోనే

1964 నుంచి 1972 దాకా జనరల్ మోటార్స్ ఎ-బాడీ చాసీ మీద వచ్చిన బళ్లన్నిటికీ వెనక సస్పెన్షన్ ఒకే తీరు. షెవ్రొలే షెవెల్ గానీ, పాంటియాక్ జీటీఓ గానీ, ఓల్డ్స్‌మొబీల్ కట్లస్, బ్యూక్ స్కైలార్క్ గానీ, కిందికి దూరి చూస్తే కనిపించేది అదే: రెండు కాయిల్ స్ప్రింగులు, ఆక్సిల్‌ని చాసీకి పట్టి ఉంచుతూ ముందుకి సాగిన రెండు కింది ఆర్మ్‌లు, ఏటవాలుగా రెండు పై ఆర్మ్‌లు. వీటిలో చాలావాటికి ఫ్యాక్టరీలో వెనక స్వే బార్ పెట్టలేదు. ఓల్డ్స్ 442కి 1964 నుంచే ఉంది. షెవెల్‌లో 1970 ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) మోడల్‌కి ఎఫ్41 అనే గట్టి సస్పెన్షన్‌తో పాటు వచ్చింది. లేని బండికి ఇప్పుడు పెట్టుకోవడం ఒక్క రోజు పని. అందులో బార్ బిగించడానికి పట్టేది అరగంట, మిగతాదంతా ఆర్మ్‌లకే పోతుంది.

మన షెడ్లలో స్టెబిలైజర్ బార్ అనేదీ ఈ స్వే బార్‌నే. మలుపులో బాడీ ఒరిగినప్పుడు ఒక పక్క ఆర్మ్ పైకి, రెండో పక్కది కిందికి పోతాయి. రెంటినీ కలిపి పట్టుకున్న ఉక్కు కడ్డీ మెలిపడాల్సి వస్తుంది. అది అంత తేలిగ్గా మెలిపడదు కాబట్టి బాడీ ఒరగడం తగ్గుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీకి మెలి ఉండదు, సీట్లో కూర్చున్నవాళ్లకి తేడా తెలీదు. ఒక్క చక్రమే గుంటలో పడితే మాత్రం కుదుపు మునుపటికంటే గట్టిగా తగులుతుంది. దీనికి విరుగుడు లేదు, ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

ఈ బళ్లలో ఒక విశేషం ఉంది. బార్‌కి చాసీతో సంబంధమే లేదు. లింకులు లేవు, క్లాంపులు లేవు. రెండు కొసలూ చెరో కింది ఆర్మ్‌కి రెండేసి బోల్టులతో నేరుగా బిగుస్తాయి, మధ్య భాగం ఆక్సిల్ కిందుగా వెనక్కి వచ్చి అడ్డంగా పోతుంది. అంటే బార్ బలమంతా ఆ రెండు ఆర్మ్‌ల గోడల మీదే పడుతుంది.

ముందు ఆర్మ్ కింద వేళ్లు పెట్టి చూడండి

మామూలు షెవెల్‌కి వచ్చిన కింది ఆర్మ్ రేకుని వంచి చేసిన కాలువలాంటిది. అడుగు తెరిచే ఉంటుంది, వేళ్లు లోపలికి పోతాయి. అలాంటి ఆర్మ్‌కి రంధ్రాలు వేసి బార్ తగిలిస్తే కొన్నాళ్లు బాగానే ఉన్నట్టుంటుంది. తర్వాత గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, రంధ్రాలు కోలగా సాగుతాయి, చివరికి రంధ్రం అంచునుంచి పగులు మొదలవుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు బార్ ఇచ్చిన బళ్లకి అడుగు మూసిన ఆర్మ్‌లు వేసింది ఇందుకే.

దీనికి రెండు దారులున్నాయి. అడుగు మూసి, బార్ రంధ్రాలు తీసి, లోపల స్లీవులు (బోల్టు దూరే గొట్టం ముక్కలు) పెట్టి ఉన్న కొత్త ఆర్మ్‌లు జతగా కొనడం ఒకటి. పాత ఆర్మ్‌ల అడుగున 3/16 అంగుళం మందం పట్టీ కోసి వెల్డింగ్ చేయించడం రెండోది. రెండో దారి చవక, కానీ ఆర్మ్ కొసల్లోని రబ్బరు బుష్‌లు ముందే ఊడదీయాలి, లేకపోతే వెల్డింగ్ వేడికి రబ్బరు కాలిపోతుంది. పైగా ఒకే గీతలో సాగదీసి వెల్డ్ చేస్తే ఆర్మ్ అరటికాయలా వంగుతుంది. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ మార్చి మార్చి వేయాలి. బుష్‌ల ఖర్చూ, ప్రెస్సు ఖర్చూ కలిపి చూసుకుంటే చాలామందికి కొత్త ఆర్మ్‌లే నయం.

బుష్‌ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బాడీ ఒరిగినప్పుడు ఆక్సిల్ వైపు కొస ఒక కోణంలో, చాసీ వైపు కొస ఇంకో కోణంలో ఉంటాయి. పాత రేకు ఆర్మ్ తానే కాస్త మెలిపడి ఆ తేడాని సర్దుకునేది. మూసిన ఆర్మ్ మెలిపడదు కాబట్టి ఇప్పుడు ఆ సర్దుబాటు బుష్‌లదే. రెండు కొసల్లోనూ గట్టి పాలీయురెథేన్ పెడితే సస్పెన్షన్ బిగుసుకుపోయి, వెనక చక్రాలు చెప్పాపెట్టకుండా జారతాయి. వీధుల్లో తిరిగే బండికి కొత్త రబ్బరు బుష్‌లు చాలు.

ఎంత లావు కడ్డీ

బార్ గట్టితనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 7/8 అంగుళం బార్ తీసి అదే ఆకారంలో 1 అంగుళం బార్ పెడితే కంటికి కనిపించే తేడా ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. గట్టితనం మాత్రం 70 శాతం పెరుగుతుంది. 1-1/8 అంగుళానికి వెళ్తే 7/8 దానికంటే రెండు ముప్పావు రెట్లు దాకా అవుతుంది. ఈ లెక్క నిండు కడ్డీకి. గొట్టం బార్ అయితే అదే లావుకి అంతకంటే తక్కువ.

వెనక గట్టిపడే కొద్దీ మలుపులో ముందు చక్రాలు బయటికి జారే అలవాటు తగ్గుతుంది. మోతాదు మించితే వెనక భాగమే జారుతుంది. ముందు సన్నటి ఫ్యాక్టరీ బార్ అలాగే ఉంచి వెనక 1-1/8 పెట్టడం తప్పు. ముందు 1-1/8 గానీ 1-1/4 గానీ ఉంటే వెనక 7/8 లేదా 1 అంగుళం సరిపోతుంది. ఇంకోటి: బార్ లోపలి చక్రం మీది బరువుని తీసి బయటి చక్రం మీద వేస్తుంది. లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే ఉత్తినే తిరగకుండా ఆపే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో మలుపు మధ్య యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం ఉత్తినే తిరుగుతుంది. అలాంటి బండికి 7/8 దాటొద్దు.

పానాలు, సామాను

అమెరికన్ బండి కాబట్టి అన్నీ అంగుళాల పానాలే. బార్ బోల్టు 3/8 అయితే 9/16 సాకెట్, 7/16 అయితే 5/8 సాకెట్, ఆర్మ్ బోల్టు 1/2 కి 3/4 సాకెట్ కావాలి. ఎం.ఎం. పానాలతో కానిద్దామనుకుంటే 9/16 తల మీదికి 14 ఎక్కదు, 15 జారి మూలలు తినేస్తుంది. మిగతావి: జాకీ, 3 టన్నుల స్టాండ్లు రెండు, టార్క్ రెంచి, తుప్పు వదిలించే నూనె, సెంటర్ పంచ్, నీలం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు), సందు నింపడానికి రకరకాల మందాల్లో ఉక్కు షిమ్‌లు. బార్‌కి నాలుగు గ్రేడ్ 8 (ఎక్కువ బలమున్న రకం) బోల్టులు, ఎనిమిది గట్టి వాషర్లు, నాలుగు నైలాన్ లాక్ నట్లు. బోల్టు ఎంత పొడుగంటే, మరలు లేని నున్నటి భాగం ఆర్మ్ గోడలు రెంటినీ దాటి రావాలి. మరల మీద గోడ ఆనితే మరలే అరం లాగా పనిచేసి రంధ్రాన్ని పెద్దది చేస్తాయి.

డిఫరెన్షియల్ ఆయిల్ మార్చే పని ఏమైనా ఉంటే బార్ పెట్టకముందే చేసేయండి. మూతకి 10 లేదా 12 బోల్టులుండే ఈ ఆక్సిళ్లలో ఆ మూత వెనకనే ఉంటుంది, బార్ దాని దగ్గరగానే అడ్డం వస్తుంది.

ఎత్తడం, పాత ఆర్మ్ విప్పడం

ముందు రోజు రాత్రే ఆర్మ్ బోల్టులకి తుప్పు నూనె కొట్టి ఉంచండి. చదునైన నేల మీద ముందు చక్రాలకి రెండు పక్కలా దిమ్మలు పెట్టి, వెనక ఎత్తి, స్టాండ్లు ఆక్సిల్ గొట్టాల కింద పెట్టండి. గొట్టం మీద బ్రేక్ పైపు పోతుంటుంది, స్టాండు దాని మీద కూర్చోకుండా చూడండి. చాసీ కింద స్టాండ్లు పెడితే ఆక్సిల్ వేలాడుతుంది, ఆర్మ్ కోణాలు మారిపోతాయి, ఆ స్థితిలో బిగించినదేదీ బండి నేల మీదికి దిగాక సరిగ్గా ఉండదు. బండి బరువు స్ప్రింగుల మీదే ఉండాలి.

ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోండి. రెండు కింది ఆర్మ్‌లూ ఒకేసారి విప్పితే ఆక్సిల్ ముక్కు (డిఫరెన్షియల్ ముందు కొస) తిరిగిపోతుంది, దాన్ని మళ్లీ దారికి తేవడానికి ఇంకో ఇద్దరు కావాలి. ఒక పక్క విప్పేటప్పుడు కూడా డిఫరెన్షియల్ ముక్కు కింద జాకీ ఆనించి ఉంచడం మంచిది.

బోల్టు తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదంటే అది బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయిందన్నమాట. తిరిగేది రబ్బరే. సుత్తితో బాదితే బ్రాకెట్ చెవులు వంగుతాయి తప్ప ఫలితం ఉండదు. బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో రంపం బ్లేడు పెట్టి బోల్టుని రెండు పక్కలా కోసేయండి. పాత బుష్ ఎలాగూ పారేసేదే.

కొత్త ఆర్మ్ పెట్టి 1/2 బోల్టులు చేత్తో బిగువు వచ్చేదాకా తిప్పి వదిలేయండి. టార్క్ ఇప్పుడే వద్దు. పార్కింగ్ బ్రేక్ కేబుల్ ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య నలగలేదని చూసుకుని రెండో పక్కకి వెళ్లండి.

పాత ఆర్మ్‌లనే వెల్డ్ చేసి వాడుకునేవాళ్లు రంధ్రాలు తామే వేయాలి. ఆర్మ్ ముందు కొసలోని బుష్ బోల్టు కేంద్రం నుంచి కొలిచి, రెండు ఆర్మ్‌ల మీదా అంతే దూరంలో, ఒక్కో ఆర్మ్‌కి రెండు గోడల మీదా విడివిడిగా గుర్తు పెట్టండి. ఒక గోడనుంచి చేతి డ్రిల్‌తో తిన్నగా రెండో గోడ దాకా పోదామనుకుంటే బిట్టు పక్కకి పోతుంది. 1/8తో మొదలుపెట్టి, 1/4, తర్వాత అసలు సైజు. లోపల పెట్టే స్లీవు మందపాటి గొట్టం ముక్క. దాని పొడుగు గోడల మధ్య ఖాళీకి సరిగ్గా ఉండాలి. ఎంత కురచగా ఉంటే గోడలు అంత లోపలికి వంగుతాయి. అడుగు పట్టీ వెల్డ్ చేయకముందే ఇవి కూర్చోబెట్టాలి, తర్వాత చెయ్యి పట్టదు.

ఖాళీ కొలవడం

చాలామంది పాడుచేసేది ఇక్కడే. బార్ ఎత్తి రెండు ఆర్మ్‌ల మధ్య పెడితే కొసలకీ ఆర్మ్ గోడలకీ నడుమ కొంత ఖాళీ మిగులుతుంది. బోల్టు బిగిస్తే ఖాళీ మూసుకుపోతుంది కదా అని బిగించేస్తారు. మూసుకుపోతుంది నిజమే, కానీ అందుకోసం ఆర్మ్‌లు పక్కకి లాగబడి బుష్‌లు ఒక పక్కకి నొక్కుకుంటాయి. కొన్ని వేల మైళ్లలో కొత్త బుష్ కోలగా అరుగుతుంది.

బార్‌ని ఒక పక్క గోడకి పూర్తిగా ఆనించి, రెండో పక్క ఖాళీ కొలవండి. 3/8 వచ్చిందనుకోండి, దాన్ని సగం చేసి రెండు పక్కలా 3/16 చొప్పున షిమ్‌లు పెట్టాలి. అప్పుడు బార్ మధ్యలో ఉంటుంది, బోల్టులు చేత్తో తోస్తే దూరిపోతాయి.

మూడు బోల్టులు దూరి నాలుగోది దూరకపోతే సుత్తి తీయకండి. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఒక పక్క స్ప్రింగ్ కుంగి బండి ఒరిగి ఉంది. చక్రం మీద బాడీ వంపు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో రెండు పక్కలా కొలిచి, కుంగిన పక్క చాసీ కింద జాకీతో కాస్త ఎత్తితే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. బోల్టుని బలవంతంగా దూరిస్తే బార్ నిలబడి ఉన్నప్పుడే మెలిపడి ఉంటుంది, బండి ఎడమకి ఒక రకంగా, కుడికి ఇంకో రకంగా తిరుగుతుంది. కుంగిన స్ప్రింగుకి మందు కొత్త స్ప్రింగుల జతే.

బోల్టు తలలు టైరు వైపు, నట్లు లోపలి వైపు ఉండాలి. వెడల్పు టైర్లు వేసినవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. థ్రెడ్ లాకర్ నైలాన్ నట్టుకి అక్కర్లేదు. ఆర్మ్‌లో మర ఉన్న ఇన్సర్ట్ అయితేనే ఒక చుక్క. 3/8 గ్రేడ్ 8 పొడి బోల్టుకి 40 నుంచి 45 పౌండ్-అడుగులు. 7/16 కి కిట్‌తో వచ్చిన కాగితంలో ఎంత ఉంటే అంత. చివరగా, బరువంతా స్ప్రింగుల మీద ఉండగానే, ఆర్మ్ 1/2 బోల్టులని మీ ఏడాది షాప్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి. ఆక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ కోణంలో పట్టుకుని, బండి దిగాక ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

తగలడం, మోగడం

బార్ ఆక్సిల్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంది, సైలెన్సర్ పైపులు బాడీతో వేలాడతాయి. కాబట్టి నిలబడి ఉన్నప్పుడు అంగుళం ఖాళీ కనిపించినా సరిపోదు. ఇద్దర్ని వెనక డిక్కీ అంచు మీద కూర్చోబెట్టి పైపుకీ బార్‌కీ దూరం చూడండి. డిఫరెన్షియల్ మూతకి బార్ తగులుతుంటే దాదాపుగా బార్ తలకిందులుగా పెట్టారన్నమాట, తిప్పి చూడండి.

50 మైళ్లు తిరిగాక నాలుగు బోల్టులూ మళ్లీ టార్క్ చూడాలి. నెమ్మదిగా గతుకుల్లో పోతుంటే టక్ టక్ మంటే బోల్టు వదులైంది లేదా షిమ్ జారిపోయింది. పెద్ద గుంటలో మాత్రమే ధన్ మంటే పైపు తగులుతోంది. బార్ మీద రంగు పోయి మెరిసే మచ్చ ఎక్కడుందో వెతికితే చోటు తెలుస్తుంది. మలుపు మధ్య యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వెనక భాగం పక్కకి తన్నుతుంటే ముందు టైర్ల గాలి, ముందు బార్ లావు చూడండి, అప్పటికీ పోకపోతే సన్న బార్‌కి దిగండి. ఇది తేల్చుకోవడానికి ఖాళీ పార్కింగ్ స్థలం వెతుక్కోవాలి, తడి రోడ్డు మీద మొదటి పరీక్ష వద్దు.

ఆ కాలపు మస్టాంగ్, 1967 నుంచి 69 వరకూ కమారో, ఆ కాలపు డాడ్జ్ చార్జర్ లాంటి కమాన్ పట్టీల బళ్లకి ఈ పద్ధతి వర్తించదు. వాటి కిట్లలో బార్‌ని ఆక్సిల్ గొట్టాలకి క్లాంపులతో కట్టి, కొసలని లింకులతో చాసీకి తగిలిస్తారు. అక్కడ జాగ్రత్తలు వేరు: క్లాంపు కింద బ్రేక్ పైపు నలగకూడదు, లింకులు నిలువుగా ఉండాలి, బుష్‌కి సిలికాన్ గ్రీజు పెట్టాలి, లింకు నట్టు బుష్ కొంచెం ఉబ్బేదాకా మాత్రమే బిగించాలి.

ఏ బండైనా, టైరు మార్చడానికి జాకీ మాత్రం ఈ బార్ కింద పెట్టకండి.