కోతి గర్భంలో హార్మోన్ రీడింగులు తేడాగా వస్తే: సమస్య - పరిష్కారం

సమస్య: రీసస్ కోతి చూలుతో ఉంది, అల్ట్రాసౌండ్‌లో పిండం కనిపిస్తోంది. మనుషుల గర్భ పరీక్ష కిట్ మాత్రం నెగటివ్ చూపిస్తోంది.

కారణాలు రెండు. కిట్‌లోని యాంటీబాడీ (హార్మోన్‌ని పట్టుకునే ప్రోటీన్) మనిషి హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చాక పుట్టే హార్మోన్, కోసం తయారైంది, కోతి హార్మోన్‌ని సరిగా పట్టుకోలేదు. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ మూత్రంతో అదే కిట్ చాలాసార్లు పనిచేస్తుంది కాబట్టి అన్నిటికీ చెల్లుతుందన్న భ్రమ కలుగుతుంది. రెండోది సమయం. రీసస్ గర్భం సుమారు 165 రోజులు. ఈ హార్మోన్ మాత్రం అండం విడుదలైన దాదాపు రెండు వారాలకు రక్తంలో కనబడి, 40వ రోజుకల్లా తగ్గిపోతుంది.

పరిష్కారం: మకాక్‌లకు (రీసస్ చెందిన కోతుల జాతికి) పనికొస్తుందని నిరూపితమైన పరీక్షే వాడండి. అండం విడుదలయ్యాక 16 నుంచి 30 రోజుల మధ్య రెండు మూడు రోజులకోసారి నమూనా తీయండి. గడువు దాటితే అల్ట్రాసౌండే నమ్మదగినది.

సమస్య: గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ పెరగడం లేదు, గర్భం నిలవదేమోనని భయం.

రీసస్‌లో ఇది మామూలే. స్త్రీలలో నెలలు నిండేసరికి మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు దాటే ఈ హార్మోన్, రీసస్‌లో కొద్ది నానోగ్రాముల దగ్గరే ఉంటుంది. మూడు నాలుగు వారాలకే మాయ (ప్లాసెంటా) ఈ హార్మోన్ తయారీని అందుకుంటుంది. ఒక్క అంకె చూసి హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వడం తప్పు. అదే జంతువు పాత రీడింగులు, ఎస్ట్రడయాల్ (మరో స్త్రీ హార్మోన్) ధోరణి, పిండం గుండె చప్పుడు కలిపి చూడండి.

సమస్య: మార్మోసెట్ (ఒక చిన్న కోతి) రీడింగు ప్రామాణిక రేఖ, అంటే పరీక్ష కొలవగల పరిధి, పైకి పోతోంది.

వాటి ప్రొజెస్టిరాన్ సహజంగానే చాలా ఎక్కువ. సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 10, 50, 100 రెట్లు పలచన చేసి చూడండి. పలచనను లెక్కలోకి తీసుకున్నాక మూడు విలువలూ ఒకటే రావాలి. రాకపోతే ఆ పరీక్ష ఈ జాతికి పనికిరాదు.

సమస్య: మలం, మూత్రం విలువలు రోజుకో తీరు.

మలంలో బ్యాక్టీరియా స్టీరాయిడ్లను (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్లను) మార్చేస్తుంది, మూత్రం కలిస్తే ఇంకా చెడుతుంది. తాజా మలం మధ్య భాగం తీసి, వెంటనే మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టించండి. ఎండబెట్టి, తూచి, 80 శాతం మిథనాల్‌తో సంగ్రహించండి. మలంలో మార్పు రక్తం కన్నా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది, తేదీలు పోల్చేటప్పుడు ఆ తేడా కలుపుకోండి. మూత్రం విలువని క్రియాటినిన్‌తో (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే వ్యర్థ పదార్థంతో) భాగించండి. మకాక్‌లు ప్రెగ్నానిడయాల్‌ని (ప్రొజెస్టిరాన్ విరిగి ఏర్పడే పదార్థాన్ని) తక్కువగా విసర్జిస్తాయి, కాబట్టి దాన్ని కొలిచే కిట్‌తో వీటిని అంచనా వేయకండి.