ఐస్ ప్లాంటులో అమ్మోనియా: వాసన నుంచి వాల్వు దాకా

రొయ్యలు చెరువు గట్టున పట్టుబడిన గంటలోపే ఐసులోకి వెళ్లాలి. అందుకే భీమవరం నుంచి నెల్లూరు దాకా ఐస్ ప్లాంట్లు కనబడతాయి. వాటిలో చాలావాటికి అమ్మోనియాయే ప్రాణం. చవక, చల్లదనం బాగా ఇస్తుంది, కారితే ముక్కు వెంటనే చెప్పేస్తుంది. ఇబ్బందల్లా రోజూ అక్కడే పనిచేసే ఆపరేటరు ముక్కుతోనే. అది కొన్నాళ్లకు అలవాటు పడి చెప్పడం మానేస్తుంది. బయటినుంచి వచ్చినవాడు తలుపు దగ్గరే ముఖం చిట్లిస్తే అతణ్ని చూసి నవ్వకండి, లీకు వెతకండి.

ఇంజన్ గదిలో సన్నగా వాసన

చాలాసార్లు కారణం వాల్వు గ్లాండు ప్యాకింగ్ (వాల్వు కాడ చుట్టూ కుక్కే పట్టీ), ఫ్లాంజి గాస్కెట్ (గొట్టాల అతుకు మధ్య పెట్టే బిళ్ల), లేదా గ్యాసును నొక్కే కంప్రెసర్ షాఫ్ట్ సీలు. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని ఒక్కో జాయింటు దగ్గర పట్టండి, లీకున్నచోట నీలంగా మారుతుంది. గంధకం పుల్ల వెలిగించి చూసే పాత పద్ధతి ఉంది. అమ్మోనియా తగిలితే తెల్లటి పొగ వస్తుంది. కానీ ఘాటు ఎక్కువగా ఉన్న గదిలోకి మంట తీసుకెళ్లకూడదు, ఎందుకంటే గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య అమ్మోనియా అంటుకుంటుంది.

గ్లాండు నట్టును కాస్త బిగిస్తే ఆగిపోవచ్చు. ఆగకపోతే ప్రెజరు మీద ఇంకా బలం పెట్టవద్దు. ఆ భాగాన్ని మిగతా లైను నుంచి వేరుచేసి, గ్యాసు లాగేసి, ప్యాకింగ్ మార్చాలి.

హెడ్ ప్రెజరు (కంప్రెసర్ నుంచి గ్యాసు బయటికొచ్చే వైపు ఒత్తిడి) ఎక్కువ, ఐసు ఆలస్యం

ముందు కండెన్సరుకు (వేడి గ్యాసును నీళ్లతో చల్లార్చి ద్రవంగా మార్చే భాగం) నీళ్లు సరిగా పడుతున్నాయా, గొట్టాల మీద పాచు, సున్నపు పొర పట్టాయా చూడండి. అవి బాగుంటే లోపల గాలి చేరిందని అనుమానించాలి. కంప్రెసర్ ఆపి, నీళ్లు తిరగనిచ్చి, కండెన్సరు చల్లబడ్డాక గేజి చూడండి. 40 డిగ్రీల దగ్గర అమ్మోనియా ప్రెజరు చదరపు అంగుళానికి సుమారు 210 పౌండ్లు, 35 డిగ్రీల దగ్గర సుమారు 180. నీటి వేడికి తగినదానికంటే గేజి బాగా ఎక్కువ చూపిస్తే ఆ అదనం గాలిదే. పర్జింగ్ (ఆ గాలిని బయటికి వదలడం) చేసేటప్పుడు గొట్టం కొసను నీటి తొట్టిలో ముంచండి. అమ్మోనియా నీటిలో కలిసిపోతుంది, గాలి బుడగలై పైకి వస్తుంది. బుడగలు తగ్గి చిటపటలు మొదలైతే ఇక వస్తున్నది అమ్మోనియా, వాల్వు కట్టేయండి.

కంప్రెసర్ దడదడలాడుతోంది, సక్షన్ గొట్టం (గ్యాసును కంప్రెసర్‌లోకి లాగేది) తెల్లగా మంచు కట్టింది

ద్రవం కంప్రెసర్‌లోకి వస్తోంది. ద్రవం నలగదు, వాల్వు ప్లేట్లు విరుగుతాయి. వెంటనే ఆపండి. ఎక్స్‌పాన్షన్ వాల్వు (చల్లబరిచే గొట్టాల్లోకి ద్రవాన్ని వదిలేది) ఎక్కువ తెరిచి ఉందేమో చూసి తగ్గించండి. మళ్లీ నడిపేటప్పుడు సక్షన్ వాల్వును మెల్లగా తెరవాలి.

ఆయిల్ డ్రెయిన్ తెరిస్తే ఏమీ రావడం లేదు

ఈ ఒక్క పనికే మిగతావాటికంటే ఎక్కువ భయపడతాను. కంప్రెసర్ నుంచి గొట్టాల్లోకి కొట్టుకొచ్చే ఆయిలు అమ్మోనియాలో కలవదు, బరువుగా ఉండి అడుగుకు చేరుతుంది. అందుకే అప్పుడప్పుడు తీయాలి. చల్లబడిన ఆయిలు మైనంలా చిక్కబడి గొట్టానికి అడ్డుపడుతుంది. రావడం లేదని మనిషి వాల్వు ఇంకో చుట్టు తిప్పుతాడు, మరో చుట్టు తిప్పుతాడు. అడ్డు ఒక్కసారిగా తొలగితే దాని వెనకున్న ద్రవ అమ్మోనియా ముఖం మీదకు చిమ్ముతుంది. మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది, ఒంటిని గడ్డకట్టిస్తూనే కాలుస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట ఆ వాల్వు తెరిచి టీకి వెళ్లే అలవాటుండేది. మాన్పించడానికి వాల్వునే మార్చాం. చెయ్యి తీస్తే తనంతట తానే మూసుకునే స్ప్రింగు వాల్వును అసలు వాల్వు తర్వాత బిగించాం. ఆయిల్ పాట్ (ఆయిలు చేరే పాత్ర) ఉంటే ముందు దాన్ని ద్రవం లైను నుంచి విడదీసి, లోపలి అమ్మోనియాను సక్షన్‌కు లాగించి, ప్రెజరు దిగాకే ఆయిలు తీయండి. రాకపోతే వాల్వు కట్టేసి కాసేపు వెచ్చబడనివ్వండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, పక్కన ఇంకో మనిషి తప్పనిసరి.

గొట్టం మధ్యలో పగిలింది, రెండు పక్కలా వాల్వులు మూసే ఉన్నాయి

మూసి ఉండటమే కారణం. నిండా ద్రవంతో ఇరుక్కున్న గొట్టం వేడెక్కితే ద్రవం వ్యాకోచిస్తుంది, దానికి చోటుండదు. లైను ఆపేటప్పుడు ముందు రిసీవరు (ద్రవ అమ్మోనియా నిలవుండే ట్యాంకు) వైపు కట్టండి. లోపలి ద్రవం సక్షన్ వైపు ఖాళీ అయ్యాకే రెండోది కట్టండి.

నేల మీద తెల్లటి మబ్బు

అమ్మోనియా గాలికంటే తేలికే. కానీ పెద్ద లీకులో చల్లటి ఆవిరి తేమతో కలిసి నేలను పట్టుకుని పాకుతుంది, పైకి పోతుందిలే అనుకోవద్దు. గాలికి అడ్డంగా నడిచి, గాలి వచ్చే వైపుకు చేరండి. కరెంటు బయటి మెయిన్ దగ్గర ఆపించి, 101కు ఫోను చేయండి. ముఖానికి తడి గుడ్డ బయటపడటానికే, లోపలికి వెళ్లడానికి కాదు. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలుంటే ప్రాణాపాయంగానే లెక్కిస్తారు. సొంత గాలి సిలిండరున్న మాస్కు లేకుండా ఎవరూ లోపలికి పోకూడదు. నీటి తుంపర ఆవిరిని పట్టుకుంటుంది కాబట్టి మబ్బు మీద కొట్టవచ్చు. ద్రవం మడుగు మీద మాత్రం కొట్టవద్దు, నీటి వేడికి అది ఇంకా వేగంగా మరుగుతుంది.

కళ్లలో పడితే రెప్పలు విప్పి పట్టి కనీసం 15 నిమిషాలు నీళ్లు పోయండి. 108 వచ్చేదాకా ఆపవద్దు.

ఇత్తడి ఫిట్టింగు మీద నీలిపచ్చ మరక

తేమతో కూడిన అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. ఎవరో చేతికి దొరికింది బిగించారు. తీసేసి ఉక్కుది పెట్టండి. అదే పనిగా గేజిలు కూడా చూడండి, అమ్మోనియాకని డయల్ మీద రాసి ఉన్నదే పనికొస్తుంది.